రష్యన్ నేర్చుకోవాలంటే ముందు మన విభక్తులు గుర్తు తెచ్చుకోండి

మెడిసిన్ చదవడానికి రష్యా వెళ్ళబోయే పిల్లలు ఫోన్ చేసి అడిగే మొదటి మాట, "అక్కా, భాష ఎన్నాళ్ళలో వస్తుంది?" అని. అక్షరాలకి పది రోజులు. కొట్లో రొట్టె కొనుక్కోవడానికి ఒక నెల. వార్డులో మంచం పక్కన కూర్చుని, ఓ ముసలావిడ చెప్పే బాధంతా విని, కేస్ షీట్లో తప్పులేకుండా రాయడానికి మాత్రం నాకు రెండున్నరేళ్ళు పట్టింది. అందులో మొదటి ఏడాది చాలావరకు వృథా అయింది. రష్యన్‌ని ఇంగ్లీషు మీదుగా నేర్చుకోబోవడమే కారణం. నేను కజాన్‌లో ఆరేళ్ళు చదివి వచ్చి ఇప్పుడు నరసరావుపేటలో పనిచేస్తున్నాను. మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవాల్సి వస్తే ఎలా మొదలుపెడతానో అదే ఇక్కడ రాస్తున్నాను. ఇంగ్లీషుని పక్కన పెట్టి తెలుగులోంచి నేరుగా రష్యన్‌లోకి వెళ్తాను.

ముందు అక్షరాలు. రష్యన్‌లో 33 ఉన్నాయి: 10 అచ్చులు, 21 హల్లులు, సొంత శబ్దం లేని గుర్తులు రెండు. గుణింతాలూ ఒత్తులూ దిద్దిన చేతికి ఇది పెద్ద పని కాదు. చిక్కల్లా ఇంగ్లీషు అక్షరాల్లా కనిపిస్తూ వేరేగా పలికేవాటితోనే. ఇంగ్లీషు పి లా ఉన్నది ర. సి లా ఉన్నది స. హెచ్ లా ఉన్నది న. బి లా ఉన్నది వ. వై లా ఉన్నది ఉ. ఎక్స్ లా ఉన్నది గొంతు గరగరలాడించే ఖ. కజాన్‌లో దిగిన రోజు ఒక బోర్డు మీద "పెక్టోపా" అని చదువుకుని అదేదో కంపెనీ పేరనుకున్నాను. అది రిస్తరాన్, అంటే రెస్టారెంట్. ఈ ఆరింటినీ మొదటి రోజే విడిగా కాగితం మీద రాసి గోడకి అంటించండి, మిగతావి వాటంతటవే వస్తాయి. చేతిరాత మొదటి వారం నుంచే దిద్దండి, ఎందుకంటే టీచర్లు బోర్డు మీద అచ్చు అక్షరాలు రాయరు. గొలుసు రాతలో త మన కంటికి ఇంగ్లీషు చిన్న ఎమ్ లా ఉంటుంది, ద జి లా ఉంటుంది.

ఇక శబ్దాలు. ఇక్కడ తెలుగువాళ్ళకి ఉన్న సౌకర్యం చాలామందికి తెలియదు. రష్యన్ త, ద అచ్చం మన త, ద లే, పళ్ళకి నాలుక తగలాలి. స్టూడెంట్ అనే అలవాటు మానేసి స్తుద్యేంత్ అనండి. చాపలో చ, చిన్నలో చ వేరువేరుగా పలుకుతాం కదా, రష్యన్‌లో ఆ రెంటికీ రెండు అక్షరాలున్నాయి. చిన్నలోది చాయ్ అనే మాటలో వస్తుంది. చాపలోది ఊలిౘ (వీధి) అనే మాటలో వస్తుంది. పాత తెలుగు పుస్తకాల్లో దాన్ని ౘ అని రాసేవారు, ఇక్కడ నేనూ అలాగే రాస్తాను. ష, శ తేడా బళ్ళో నేర్చుకున్నదే ఇక్కడ పనికొస్తుంది: ఒక అక్షరం గట్టి ష, ఇంకొకటి సాగదీసిన శ్శ. ష పలుకుతూ గొంతు మోగిస్తే ఒక రకం జ, స పలుకుతూ మోగిస్తే ఇంకో రకం జ. రెండింటికీ ఇక్కడ ఒకటే జ రాస్తున్నాను కాబట్టి తేడా కనిపించదు, చెవితో పట్టుకోవాలి. అచ్చుల్లో అసలు మనకి లేనిది ఒక్కటే. పెదాలు ఈ అన్నట్టు సాగదీసి, నాలుకని ఊ పలికే చోటికి వెనక్కి లాగితే వచ్చే అచ్చు అది. అద్దం ముందు నిలబడి రోజూ ఐదు నిమిషాలు అభ్యాసం చేయండి. వి (మీరు), తి (నువ్వు), మి (మేము) అన్న మూడు మాటల్లోనూ అదే ఉంది.

మనకి ఒక ఇబ్బంది కూడా ఉంది. తెలుగు మాటలు అచ్చుతో ముగుస్తాయి, అందుకే బస్‌ని బస్సు చేశాం. రష్యన్‌లో బ్రాత్ అంటే అన్నదమ్ముడు. అదే మాట చివర నాలుకని కొంచెం పైకెత్తి, య మొదలుపెట్టి మింగేసినట్టు మెత్తగా త్ అంటే "తీసుకోవడం". చివర ఉ చేర్చి బ్రాతు అన్నారంటే రెండూ కాకుండా పోతుంది. హల్లు దగ్గరే నాలుక ఆగిపోవాలి. పైగా చివర ద ఉంటే త గానూ, బ ఉంటే ప గానూ పలుకుతారు. తేనెకి మ్యోద్ అని రాసి మ్యోత్ అంటారు, రొట్టెకి ఖ్ల్యేబ్ అని రాసి ఖ్ల్యేప్ అంటారు.

అన్నిటికంటే ముఖ్యం ఊనిక. ప్రతి మాటలో ఒక అచ్చు మీద బరువు పడుతుంది, అది కాస్త సాగుతుంది, మిగతావి నలిగిపోతాయి. ఊనిక లేని ఒ, అ అయిపోతుంది. పాలు అనే మాటలో మూడు ఒ లు రాసి ఉంటాయి, పలికేది మాత్రం మలకో. బాగుంది అనడానికి ఖరషో. మాస్కోని వాళ్ళు మస్క్‌వా అంటారు. ఊనిక ఎక్కడో అచ్చయిన పుస్తకాల్లో మామూలుగా చూపించరు, మొదటి పాఠ్యపుస్తకాల్లోనూ నిఘంటువుల్లోనూ తప్ప. అది మారితే అర్థమూ మారుతుంది: జామక్ అంటే కోట, జమోక్ అంటే తాళం. అందుకని కొత్త మాట రాసుకున్నప్పుడల్లా ఊనిక గీత పెట్టకుండా పుస్తకం మూయకండి. ఈ వ్యాసంలో ఊనిక ఉన్నచోట దీర్ఘం రాస్తున్నాను.

ఇప్పుడు మొదటి వాక్యం. "నేను డాక్టర్." తెలుగులో క్రియ లేదు. రష్యన్‌లోనూ లేదు: యా వ్రాచ్. ఇది ఇల్లు, ఏత దోమ్. ఇంగ్లీషు మీదుగా వచ్చేవాళ్ళు మధ్యలో "ఈజ్" ఎక్కడ పెట్టాలా అని వెతుక్కుంటారు, మనకి ఆ వెతుకులాట లేదు. ఇంగ్లీషులో పేరు ముందు అతికించే "ఎ", "ది" లాంటివీ లేవు.

దీనికంటే నాకు ఎక్కువ సంతోషం కలిగించింది "నాకు" అనే మాట. తెలుగులో చలి, వయసు, ఇష్టం అన్నీ "నాకు" అంటాం కదా. రష్యన్‌లోనూ అంతే, ఆ "నాకు" పేరు మ్న్యే. నాకు చలిగా ఉంది, మ్న్యే ఖోలదన. నాకు ఇరవై ఏళ్ళు, మ్న్యే ద్వాౘత్ ల్యేత్. నాకు నచ్చింది, మ్న్యే న్రావిౘ. మొదటి ఏడాదంతా నేను "ఐ యామ్ కోల్డ్"ని రష్యన్‌లోకి తిప్పుకుంటూ యా ఖోలదన అన్నాను. తెలుగులో ఆలోచించి ఉంటే ఆ తప్పు రాదు. ఒక్క చోట మాత్రం జాగ్రత్త: నాకు తమ్ముడున్నాడు అనడానికి మ్న్యే పనికిరాదు. నా దగ్గర ఉన్నాడు అన్నట్టు ఉ మిన్యా యేస్త్ బ్రాత్ అనాలి.

రష్యన్ అంటే భయపెట్టేవాళ్ళు మొదట చెప్పేది విభక్తుల గురించే. ఆరు ఉన్నాయి. మనం బళ్ళో ఏడు వల్లె వేశాం: డుమువులు ప్రథమ, నిన్ నున్ లన్ కూర్చి గురించి ద్వితీయ, చేతన్ చేన్ తోడన్ తోన్ తృతీయ. అప్పట్లో అది ఎందుకో ఎవరూ చెప్పలేదు, నాకు కజాన్‌లో తెలిసింది. పుస్తకంలో "ఇన్‌స్ట్రుమెంటల్" అని ఉన్నచోట నేను పెన్సిల్‌తో "తో" అని రాసుకున్నాను. "డేటివ్" పక్కన "కి, కు". "జెనిటివ్" పక్కన "యొక్క". "అక్యూజటివ్" పక్కన "ని, ను". చివరిదాని పక్కన "లో, గురించి". ఆ రోజు నుంచి ఆ పట్టికలో నాకు తెలియనిది ఏమీ లేదనిపించింది.

మనం విభక్తిని మాట చివర అతికిస్తాం, వాళ్ళు మాట చివరనే మార్చేస్తారు, తేడా అదే. అది కూడా మనకి కొత్త కాదు. ఇల్లుకి అనం, ఇంటికి అంటాం. రాయితో కొట్టాడు అన్నా, పాత తెలుగులో రాతితో అనే అంటారు. క్యాంటీన్‌లో, అంటే స్తలోవయలో, రోజూ చేసిన అభ్యాసం ఇది: పంచదార సాఖర్, పంచదారతో టీ చాయ్ స్ సాఖరమ్, పంచదార లేకుండా చాయ్ బిస్ సాఖర. పాలు మలకో, పాలతో స్ మలకోమ్, పాలు లేకుండా బిజ్ మలకా. వ్యాకరణ పట్టిక మొత్తం బట్టీ పట్టకుండా ఇలా రెండేసి ముక్కలు నోటికి ఎక్కించుకోండి. టీ తాగాలంటే ఎలాగూ అడగాలి.

వీధి బోర్డులూ పాఠాలే. కజాన్‌లో బండ్లు తిరగని పెద్ద బజారు ఊలిౘ బాఉమన. ఆయన పేరు బాఉమన్, చివరి అ "యొక్క". మెట్రోలో ఒక స్టేషన్ ప్లోశ్శత్ తుకాయ, అంటే కజాన్ ప్రాంతపు తతార్ భాషలో రాసిన కవి గబ్దుల్లా తుకాయ్ పేరు మీద ఉన్న చౌరస్తా. ఇంకొకటి ప్రస్ప్యేక్త్ పబ్యేది. పబ్యేద అంటే విజయం, పబ్యేది అంటే విజయం యొక్క. మగ మాటకి అ, అ తో ముగిసే ఆడ మాటకి ఇ. నడుస్తూ బోర్డులు చదువుకుంటే షష్ఠి వచ్చేస్తుంది.

కదలికకి, ఉండడానికి తేడా మాత్రం గట్టిగా పట్టుకోవాలి. మాస్కోలో ఉంటున్నాను, యా జివూ వ్ మస్క్‌వ్యే. మాస్కోకి వెళ్తున్నాను, యా యేదు వ్ మస్క్‌వూ. ముందున్న చిన్న మాట వ్ ఒకటే, చివరి అచ్చు చూసి అది "లో" అనా, "కి" అనా అన్నది తెలుసుకోవాలి. చిన్న విషయంలా ఉంటుంది. మూడో ఏడాది వార్డులో ఒక పెద్దాయన గుండె మీద అరచెయ్యి పెట్టుకుని అద్దయోత్ వ్ ల్యేవుయు రూకు అన్నాడు. నొప్పి ఎడమ చేతికి పాకుతోంది అని. నేను కేస్ షీట్లో వ్ ల్యేవయ్ రుక్యే అని రాశాను. దానికి అర్థం ఎడమ చేతిలో నొప్పి. మా వార్డు డాక్టరుగారు ఏమీ అనకుండా ఎర్ర పెన్నుతో నా ల్యేవయ్ రుక్యే చివరలు కొట్టేసి ల్యేవుయు రూకు చేశారు. తర్వాత అడిగారు, "నొప్పి చేతిలో పుట్టిందా, ఛాతీలో పుట్టి చేతికి వచ్చిందా?" చేతిలో పుడితే కండరం పట్టేసి ఉండొచ్చు. ఛాతీలో పుట్టి చేతికి పాకితే ముందు గుండెని చూడాలి. ఆ ఎర్ర గీత ఉన్న కాగితం నాకు ఇప్పటికీ కళ్ళముందు ఉంది. విభక్తులు ఎందుకని అడిగే పిల్లలకి నేను చెప్పేది ఈ ఒక్క సంగతే.

నిజంగా కష్టమైన చోటు లింగం. తెలుగులో బల్లకీ పుస్తకానికీ కిటికీకీ తేడా లేదు, రష్యన్‌లో బల్ల (స్తోల్) మగ, పుస్తకం (క్నీగ) ఆడ, కిటికీ (అక్నో) నపుంసకం. హల్లుతో ముగిస్తే మగ, అ తో ముగిస్తే ఆడ, రాతలో ఒ తో ముగిస్తే నపుంసకం అనే లెక్క చాలావరకు సరిపోతుంది. కానీ పక్కనున్న విశేషణమూ మారుతుంది: నోవియ్ స్తోల్, నోవయ క్నీగ, నోవయె అక్నో. మనకి మూడూ "కొత్త". దీనికి దగ్గరిదారి నాకు దొరకలేదు. ప్రతి నామవాచకాన్నీ ఒక విశేషణంతో కలిపి రాసుకోవడం ఒక్కటే పనిచేసింది.

ఆడపిల్లలకి ఇంకో మాట. వచ్చాడు, వచ్చింది తేడా మనకీ ఉంది, కానీ "నేను వచ్చాను" అందరికీ ఒకటే. రష్యన్‌లో అబ్బాయి యా ప్రిషోల్ అంటే అమ్మాయి యా ప్రిష్లా అనాలి. వెళ్ళేముందు నాకు ఇచ్చిన చిన్న పుస్తకంలో వాక్యాలన్నీ మగవాళ్ళవే. నెలరోజులు క్లాసులో యా జబీల్ (మర్చిపోయాను) అంటూ ఉన్నాను, టీచర్ ప్రతిసారీ ఓపిగ్గా జబీల అని చివర అ కలిపేవారు. భూతకాలంలో మీ గురించి చెప్పుకునేటప్పుడు చివర ల ఉందో లేదో చూసుకోండి.

వర్తమానంలో క్రియ మన క్రియలాగే మనిషిని బట్టి మారుతుంది. చదువుతాను, చదువుతావు, చదువుతాడు, చదువుతాం, చదువుతారు, చదువుతారు: చితాయు, చితాయిష్, చితాయిత్, చితాయిమ్, చితాయిత్యె, చితాయుత్. మర్యాద కూడా క్రియలోనే ఉంది. చెప్పు అంటే స్కజీ, చెప్పండి అంటే స్కజీత్యె. ఆ త్యె మన "అండి" అనుకోండి. వార్డులో మొదటి రోజు నుంచీ వాడిన మాటలు అవే: దిషీత్యె, ఊపిరి తీసుకోండి, ని దిషీత్యె, బిగబట్టండి.

ప్రతి క్రియకీ జత ఉంటుందని పుస్తకం చెబుతుంది. చదివాను, చదివేశాను తేడా అనుకుంటే మొదటికి చాలు. చితాల అంటే చదివాను, అయిందో లేదో చెప్పలేదు. ప్రచితాల అంటే చదివేశాను. రోగి మాత్రల గురించి పిలా అంటే ఆ మందులు వాడింది అని, వీపిల అంటే మింగేసింది అని. అలాగే వెళ్ళడం అనే మాట ఒకటి కాదు. కాలినడకన అయితే ఇదూ, బండి మీద అయితే యేదు. కజాన్ నుంచి మాస్కో దాదాపు 800 కిలోమీటర్లు. అక్కడికి ఇదూ అనకూడదు.

లెక్కల్లో మన తీరు సాగదు. ఒక రూబ్ల్, రెండు నుంచి నాలుగు దాకా రుబ్ల్యా, ఐదు నుంచి రుబ్ల్యేయ్. 21 దగ్గర మళ్ళీ రూబ్ల్. 11 నుంచి 14 వరకు మాత్రం రుబ్ల్యేయ్ అనే. కొట్లో చిల్లర లెక్కపెడుతూ ఇది అలవాటవుతుంది, దీనిమీద ఎక్కువ సమయం పెట్టకండి.

మాటల పోగు పెంచుకోవడానికి నాకు ఎంతో సాయం చేసింది తెలుగులో ఉన్న సంస్కృతం. న్యేబ ఆకాశం, మన నభం. అగోన్ అగ్ని. వ్‌దవా విధవ. మ్యోత్ మధువు. జిమా చలికాలం, మన హిమం. ద్వా, త్రీ చెప్పనక్కర్లేదు. ఎలుగుబంటికి మిద్‌వ్యేత్ అంటే తేనె తినేది అని అర్థం, అందులోనూ మధువు ఉంది. గొడ్డుమాంసం గవ్యాదిన, పంచగవ్యంలో గవ్యం గుర్తు చేసుకోండి. తిననివాళ్ళు యా ని యేమ్ గవ్యాదిను అని చెప్పాలి. కోడిమాంసం కూరిౘ. మా ఇంట్లో తాతయ్య ట్రంకు పెట్టెలో మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు ఉండేవి, కొన్నిటి మీద రాదుగ ప్రచురణాలయం అని ఉండేది. చిన్నప్పుడు అది ఎవరి పేరో అనుకునేదాన్ని. రాదుగ అంటే ఇంద్రధనుస్సు అని మొదటి చలికాలం తర్వాత వాన పడ్డ సాయంత్రం హాస్టల్ కిటికీ దగ్గర ఒక చిన్నపిల్ల చెయ్యెత్తి చూపించినప్పుడు తెలిసింది. నాకు తెలియకుండానే మొదట వచ్చిన రష్యన్ మాట అదే.

పిలుపుల సంగతి ముందే తెలుసుకుని వెళ్ళండి. అక్కడ సార్, మేడమ్ లేవు. టీచర్‌ని పేరుతో పాటు తండ్రి పేరు కలిపి పిలవడమే గౌరవం. ఇవాన్ కూతురైతే ఇవానవ్న, కొడుకైతే ఇవానవిచ్. తత్యాన ఇవానవ్న అని రెండూ కలిపి పిలవాలి. పేరు పెట్టి పిలవడం మనకి మొదట్లో నోరు రాదు, అయినా అలాగే పిలవండి. కొట్లో అమ్మాయిని ద్యేవుష్క అంటారు. పెద్దవాళ్ళందరినీ వి, అంటే మీరు అనాలి. తి అనేది వాళ్ళు చెప్పాకే.

మొదటి నెలకి ఈ మాటలు చాలు. జ్‌ద్రాస్త్‌వుయ్‌త్యె, నమస్కారం. స్పసీబ, థాంక్స్. పజాల్‌స్త, దయచేసి అనడానికీ, పర్లేదండి అనడానికీ. ఇజ్‌వినీత్యె, క్షమించండి. స్కోల్క స్తోయిత్, ఎంత? గ్‌ద్యే అస్తనోఫ్క, బస్టాప్ ఎక్కడ? యా ని పనిమాయు, నాకు అర్థం కాలేదు. పఫ్తరీత్యె, పజాల్‌స్త, మళ్ళీ చెప్పండి. కిక్కిరిసిన బస్సులో ముందున్నవాళ్ళని వి విఖోదిత్యె, దిగుతున్నారా అని అడగాలి. మోజ్‌న అన్న ఒక్క మాటతో సగం పనులు అవుతాయి: తలుపు దగ్గర నిలబడి మోజ్‌న అంటే లోపలికి రావచ్చా, కుర్చీ చూపించి మోజ్‌న అంటే కూర్చోవచ్చా. కాదంటే నిల్‌జ్యా. వీటన్నిటికంటే ఎక్కువ వాడాల్సింది కాక్ ఏత నజివాయిౘ, దీన్నేమంటారు? నేను జేబులో చిన్న నోటుబుక్కు పెట్టుకుని రోజుకి ఐదు వస్తువులు చూపించి అడిగేదాన్ని. హాస్టల్ గేటు దగ్గర కూర్చునే పెద్దావిడ, వాళ్ళు వఖ్త్యోర్ష అంటారు, నాకు అందరికంటే మంచి టీచర్. ఆమెకి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు.

వినడానికి కజాన్ మెట్రో మంచిది. ప్రకటనలు రష్యన్, తతార్, ఇంగ్లీషు మూడింట్లో వస్తాయి. రష్యన్‌లో విని మీలో మీరు అర్థం చెప్పుకోండి, తర్వాత ఇంగ్లీషు వచ్చినప్పుడు సరిచూసుకోండి. రోజూ అవే వాక్యాలు కాబట్టి నెలలో ప్రతి చివరి అచ్చూ చెవికి అందుతుంది.

పరీక్ష రోజు పొద్దున్న గేటు దాటుతుంటే ఆ పెద్దావిడ మీతో నీ పూఖ ని పిరా అంటుంది. ఈక గానీ నూగు గానీ దొరక్కుండా పోవాలి అని, వేటకి వెళ్ళేవాళ్ళతో దిష్టి తగలకుండా అనే పాత మాట అది. దానికి స్పసీబ అనకూడదు, అంటే ఆవిడ బెంగపడుతుంది. వెనక్కి తిరిగి గట్టిగా క్ చోర్తు అనండి, దెయ్యం దగ్గరికి పో అని అర్థం. ఆవిడ నవ్వి తలుపు తీస్తుంది.